ఇంజన్‌లో దొరకని చప్పుడు

మెరిన్ నిద్రపోవాలంటే ఇంజన్ తిరగాలి. జోలపాట పనిచేయలేదు, ఊయల పనిచేయలేదు, కారులో ఊరంతా తిప్పినా పనిచేయలేదు. పెద్ద క్రూయిజర్ మోటార్‌సైకిలు ఇంజన్ స్లోలో తిరుగుతూ, ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య కాస్త తడబడుతూ గుడుగుడుమంటుంటే మాత్రం ఆ పిల్ల కళ్ళు వాటంతటవే వాలిపోయేవి. తండ్రి డెంజిల్ ట్రెజీజ్‌కి ఇది గర్వంగానూ ఉండేది, భయంగానూ ఉండేది.

పాత రాగి గనుల ఊరు మూంటా మైన్స్‌లో నానమ్మ ఇంటి వెనక రేకుల షెడ్డులో అతను బళ్ళు బాగుచేస్తాడు. పొద్దున మెరిన్‌ని పక్కింటావిడ చూసుకుంటుంది. మధ్యాహ్నం నుంచి డెంజిల్ వంతు. భార్య రోవెనా పక్క ఊరు వాలరూ ఆసుపత్రిలో నర్సు. ఆమె బిడ్డని షెడ్డుకి అప్పగించిన మొదటి రోజే గుమ్మంలో నిలబడి చెప్పింది.

"దానికేదన్నా అయితే నేను నిన్నేమీ అనను డెంజ్. అదొక్కటి గుర్తుపెట్టుకో. ఒక్క మాట కూడా అనను."

తిట్టినా బాగుండేది అనుకున్నాడు డెంజిల్. ఆ మాట తర్వాత అతను చేయని జాగ్రత్త లేదు. సైలెన్సర్‌కి మందపాటి గొట్టం తొడిగి గోడ కన్నంలోంచి పొగ బయటికి పోయేలా చేశాడు. నిలబడి తిరిగే ఇంజన్ వేడెక్కకుండా ముందొక పెద్ద ఫ్యాను పెట్టాడు. పొగ పసిగట్టి కూతపెట్టే డబ్బాని పిల్ల మంచం పైన గోడకి బిగించి, అది పనిచేస్తోందో లేదోనని రోజూ నొక్కి చూసేవాడు. అయినా మనసు నిలవదు. నట్టు బిగించడం సగంలో వదిలేసి, చేతులు తుడుచుకుంటూ వెళ్ళి, పిల్ల ఛాతీ లేస్తోందా, పడుతోందా చూసి వచ్చేవాడు.

మంచం ఉన్నది షెడ్డు చివర, ఒక మెట్టు దిగితే వచ్చే చిన్న గదిలో. షెడ్డు కంటే చాలా పాతది అది. మట్టి గోడలు మూరెడు మందం ఉంటాయి. వేసవిలో బయట ఉత్తరపు గాలి గని గుట్టల తెల్ల దుమ్ము లేపుతున్నా లోపల కుండలో ఉన్నట్టు చల్లగా ఉంటుంది. నేల మీద పల్చటి సిమెంటు. ఒక మూల గుప్పెడంత కన్నం. ఇదివరకు అక్కడ బట్టలుతికేవాళ్ళు. నీళ్ళన్నీ ఆ కన్నంలోకి పోయేవి. అక్కణ్ణుంచి ఎక్కడికి పోయేవో ఎవరూ అడగలేదు.

కన్నానికి ఇంకో పని కూడా ఉండేది. డెంజిల్ రోజూ మధ్యాహ్నం పాస్టీ తింటాడు. మాంసం, బంగాళాదుంప, టర్నిప్ పిండి రొట్టెలో కూరి మడిచి కాల్చిన పాస్టీ. దాన్ని మందపాటి అంచు పట్టుకుని తింటాడు, ఎందుకంటే చేతులకి ఎప్పుడూ గ్రీజే. తిన్నాక ఆ అంచుని తీసుకెళ్ళి కన్నంలో వేస్తాడు. గనుల్లో పనిచేసిన ముత్తాతల నుంచి వచ్చిన అలవాటు. నేల కింద పొట్టివాళ్ళు ఉంటారనీ, వాళ్ళ వాటా వాళ్ళకి పెడితే ప్రమాదం వచ్చే ముందు రాయి తట్టి హెచ్చరిస్తారనీ ఆ ఊరి ముసలివాళ్ళందరూ చెప్పేవారు. నానమ్మ తిర్జా చెప్పేది కాదు. ఊరికే వేసేది.

"ఏం పెంచుతున్నావు కింద? ఎలుకల్నా, మీ తాతల్నా?" అని రోవెనా ఏడిపించేది. ఆమెది అడిలైడ్ పట్నం.

"మా తాతలైతే నంజుకోడానికి ఆవ పచ్చడి కూడా అడుగుతారు," అనేవాడు డెంజిల్. నవ్వేవాడు గానీ వేయడం మానలేదు. మెరిన్‌కి పళ్ళొచ్చి అంచు చప్పరించడం మొదలుపెట్టాక, అది కూడా మంచం కమ్ముల్లోంచి చెయ్యి చాచి తన ముక్కని ఆ మూలకే విసిరేది. మిగతా బొమ్మలన్నీ ఎటుపడితే అటు విసిరే పిల్ల, అంచుని మాత్రం అటే విసిరేది.

రెక్స్ నిట్ష్‌కె బండి వచ్చింది ఆ వేసవి నడుమ. రెక్స్ పాస్క్‌విల్ దగ్గర బార్లీ పండించే రైతు, భారీ మనిషి, బండి అంతకంటే భారీ. కోతలయ్యాయి కాబట్టి పెళ్ళాన్ని వెనక కూర్చోబెట్టుకుని ఎడారి దాటి పడమటి తీరం దాకా వెళ్ళాలని అతని కోరిక.

"ఆయిల్ మార్చు, బ్రేకులు చూడు, బెల్టు చూడు. దారిలో ఆగిపోతే వందల మైళ్ళలో ఒక్క మనిషుండడు అబ్బాయ్. ఉండేది నా పెళ్ళాం, దాని నోరూ."

"నీ బరువుకి బెల్టు కాదు పెద్దాయనా, ట్రాక్టరు గొలుసు వేయాలి."

"నీ పాస్టీల పొట్ట నాకంటే ముందొస్తోంది, ముందది చూసుకో," అని రెక్స్ వెళ్ళిపోయాడు.

బండిని స్టాండు మీదికెక్కించి, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే దించి, వెలుతురులో తిప్పి చూశాడు డెంజిల్. ఇనప రజను లేదు. కొత్త ఫిల్టరు వేసి, ఆయిల్ పోసి, పిల్లని పడుకోబెట్టి స్టార్ట్ చేశాడు. మెరిన్ కళ్ళు వాలాయి. అప్పుడు వినిపించింది చప్పుడు.

టక్. కాసేపు ఏమీ లేదు. టక్ టక్. మళ్ళీ ఏమీ లేదు.

బండివాళ్ళ మధ్య డెంజిల్‌కి పేరు తెచ్చింది అతని చెవి. వాడేది ఒక పొడుగాటి ఉక్కు కడ్డీ, పైన చెక్క గుండు. కడ్డీ మొనని ఇంజన్ మీద ఆనించి, గుండుని చెవి వెనక ఎముకకి నొక్కి కళ్ళు మూసుకుంటాడు. ఏ బేరింగు అరిగిందో, ఏ టాపెట్టు వదులైందో చెప్పేస్తాడు. ఆ రోజు కడ్డీని సిలిండర్ల మీద పెట్టాడు, క్లచ్ మూత మీద పెట్టాడు, గేరుపెట్టె మీద పెట్టాడు. ఎక్కడ పెట్టినా చప్పుడు ఉంది. ఎక్కడ పెట్టినా దూరంగానే ఉంది.

పైగా దానికి వరస లేదు. ఇంజన్‌లో పుట్టే చప్పుడు ఇంజన్‌తో పాటు నడవాలి. యాక్సిలరేటర్ తిప్పితే దగ్గరవ్వాలి, వదిలితే దూరమవ్వాలి. ఇది తిప్పినా తిప్పకపోయినా తన ఇష్టం వచ్చినప్పుడు కొట్టేది. ఎవరో వింటూ, ఆగి, మళ్ళీ కొడుతున్నట్టుండేది.

మర్నాడు పొద్దున బండిని రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. సముద్రం దాకా వెళ్ళొచ్చాడు. చెవిలో ఒక్క తప్పు చప్పుడు పడలేదు. మధ్యాహ్నం షెడ్డులో స్టార్ట్ చేశాడు. టక్.

మెకానిక్ అన్నవాడు ఏం చేస్తాడో అదే చేశాడు. ఇంజన్‌నే అనుమానించాడు. క్లచ్ మూత విప్పి గొలుసు సరిచేశాడు. పుష్‌రాడ్లు తీసి గాజు పలక మీద దొర్లించాడు, ఒక్కటీ వంకర లేదు. ఇంజన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే బోల్టులన్నీ మళ్ళీ బిగించాడు. అన్నీ బిగించి స్టార్ట్ చేస్తే చప్పుడు అలాగే ఉంది. కాకపోతే దానికి కొంచెం ఓపిక తగ్గినట్టుంది.

రెక్స్ వచ్చి చేతులు కట్టుకుని విన్నాడు.

"నాకేం వినపడట్లేదే."

"ఆగు. ఇదిగో."

"అదా? మా ఆవిడ వంటింట్లో గిన్నెలు సర్దినట్టుంది. వదిలెయ్ డెంజిల్, నేను వెళ్ళాలి."

"ఇది తేలకుండా పంపను. ఎడారి మధ్యలో బేరింగు పోతే నువ్వు నన్ను తిట్టడానికి కూడా మిగలవు."

"మీ మూంటా వాళ్ళకి శుభ్రంగా ఉన్నదాంట్లో దయ్యాన్ని వెతకడం అలవాటే," అని గొణిగి రెక్స్ ఇంకో వారం ఇచ్చాడు.

ఆ మరుసటి మధ్యాహ్నం డెంజిల్ ఇంజన్ ఆపి, చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. బయట ఎండ ఎంత తెల్లగా ఉందంటే షెడ్డు తలుపులోంచి పెరడు కనపడటం లేదు, వెలుగొక్కటే కనపడుతోంది. గాలి పడిపోయింది. చల్లారుతున్న ఇనుము చిటపటమంటోంది. అది కూడా ఆగింది.

వెనక గదిలోంచి వినిపించింది. టక్ టక్.

వెళ్ళి చూస్తే మెరిన్ నిద్రలేచి కూర్చుని ఉంది. చేతిలో చెక్క గరిటె. ఏడవటం లేదు. నాన్న వచ్చినా తల తిప్పలేదు. దాని చూపు మూల కన్నం మీదే ఉంది. గరిటెతో మంచం కమ్మిని కొట్టింది. కొట్టి ఆగింది. తల కొంచెం పక్కకి వంచి, అచ్చం డెంజిల్ కడ్డీ పెట్టి విన్నట్టు, వింది.

టక్ టక్.

పిల్ల గరిటె గాల్లోనే ఉంది. చప్పుడు కింద నుంచి వచ్చింది.

మెరిన్ కిలకిలా నవ్వి మళ్ళీ కొట్టింది.

డెంజిల్ కడ్డీ తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో అతనికే తెలీదు, చేతికి అలవాటైన పని అది. మొనని సిమెంటు మీద ఆనించి, గుండుని చెవి వెనక పెట్టుకుని మోకాళ్ళ మీద వంగాడు. నేల అంటే మట్టి, మట్టి అంటే మూగది. కడ్డీలో ఏమీ వినపడకూడదు. కానీ వినిపించింది. పెద్ద ఖాళీ కుండ నోట్లో చెవి పెట్టినట్టు ఒక హోరు. చాలా లోతున ఎక్కడో నీటి బొట్టు. తర్వాత, ఆ హోరుకి ఇవతల, అతను ఊహించినదాని కంటే చాలా దగ్గరగా, రాయి మీద ఇనుము ఆనినట్టు ఒక్క దెబ్బ.

పిల్లని ఎత్తుకుని ఎండలోకి వచ్చేశాడు. రోవెనా డ్యూటీ నుంచి వచ్చేదాకా ఇంటి ముందు గట్టు మీద కూర్చునే ఉన్నాడు. మెరిన్ నిద్ర లేక ఏడ్చి ఏడ్చి కమిలిపోయింది.

"చల్లగా వెనక గదిలో పడుకోబెట్టలేదేం? ఒళ్ళు చూడు, కాలిపోతోంది," అంది రోవెనా.

"కొన్నాళ్ళు ఆ గది వద్దులే."

"ఏం? పొగ వస్తోందా?"

"పొగ కాదు."

"మరి?"

చెప్పాలి. కింద ఎవరో తడుతున్నారు, మన పిల్ల జవాబిస్తోంది అని చెప్పాలి. రోజూ మనుషుల గుండె దెబ్బలు విని చీటీ మీద రాసే మనిషికి ఆ మాట చెప్పబోతే నాలుక తిరగలేదు. "నేల బాగోలేదు," అన్నాడు. "రేపు నానమ్మని అడిగొస్తా. నాకు నువ్వొక్క మాటివ్వు, పిల్లని అక్కడ పడుకోబెట్టకు."

"సరేలే," అంది రోవెనా, మనసు పిల్ల జ్వరం మీద పెట్టి.

మర్నాడు రోవెనాకి సెలవు. డెంజిల్ వాలరూలో ముసలివాళ్ళ ఆశ్రమానికి వెళ్ళాడు. తిర్జా నానమ్మ కిటికీ పక్కన కుర్చీలో ఉంది. తొంభై దాటిన మనిషి, చూపు సగం పోయింది. చేతికి మాత్రం ఇంకా పట్టుంది.

"రా నా చక్కనోడా. గ్రీజు కంపు తలుపు దగ్గరే చెప్పింది నువ్వని. పాస్టీ తెచ్చావా?"

తెచ్చాడు. ఆమె కాస్త కొరికి, అంచు విరిచి, వేయడానికి చోటు లేక ఒళ్ళో చేతిరుమాల్లో పెట్టుకుంది. రోజూ అలాగే పెట్టుకుంటుందని ఆశ్రమంలో పిల్ల నర్సు ఒకామె అతనికి ఇదివరకే చెప్పింది.

"నానమ్మా, వెనక గది కింద ఏముంది?"

ఆమె నమలడం ఆపింది. 

"తట్టాడా?" అంది.

డెంజిల్ ఇంకా చప్పుడు సంగతి ఎత్తనేలేదు. ఆమె ఏం జరిగిందని అడగలేదు, ఎందుకు అడుగుతున్నావని అడగలేదు.

"మా నాన్నకి అప్పట్లో పని లేదురా. గనులు మూసి ఏళ్ళయింది. ఊళ్ళో ఎవరికీ పని లేదు. పెరట్లో పాత గొయ్యొకటుండేది. దొంగతనంగా దిగి రాగి ముక్కలు ఏరుకొచ్చేవాళ్ళు. జేబెజ్ చిన్నాన్న దిగేవాడు, నాన్న పైన తాడు పట్టేవాడు. ఒకనాడు నడుమ కూలింది. చిన్నాన్న కింద, నాన్న పైన. నాకప్పుడు ఆరేళ్ళేమో. చిన్నాన్న సుత్తితో కొట్టేవాడు. నాన్న పలుగుతో నేల మీద జవాబు కొట్టేవాడు. తవ్వబోతే ఇంకా కూలుతోంది. నలుగుర్ని పిలిస్తే పోలీసులొస్తారు. ఇంకొంచెం చూద్దాం, ఇంకొంచెం చూద్దాం అంటూనే ఉన్నాడు నాన్న. తర్వాత కొట్టడం ఆగిపోయింది."

కిటికీ అవతల ఓడరేవు దగ్గర ధాన్యం ఎత్తే యంత్రం ఏదో మూలుగుతోంది.

"చిన్నాన్న పనికోసం సముద్రం మీద వెళ్ళిపోయాడని ఊళ్ళో చెప్పారు. గోతి మీద దుంగలు పరిచి, మట్టి పోసి గది కట్టేశాడు నాన్న. మూల ఆ కన్నం వదలమని పట్టుబట్టింది మా అమ్మ. నాన్న ఏం తిన్నా అంచు విరిచి అందులో వేసేవాడు. మేమూ వేసేవాళ్ళం. మీరు కింద పొట్టోళ్ళకి అనుకున్నారు, అనుకోనిచ్చాను. మాకు మాత్రం కింద ఉన్నది ఒక్కడే."

"దుంగలా? సిమెంటు కింద ఉన్నవి దుంగలేనా?"

"దుంగలే. ఎనభై ఏళ్ళ నాటివి. వాటి మీద బట్టలుతికిన నీళ్ళు." ఆమె అతని మణికట్టు పట్టుకుంది. "డెంజిల్, పాప ఎక్కడుంది?"

అతను రోవెనాకి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఇంట్లో ఉన్న మనిషి, సెలవు రోజు, ఫోను పక్కనే పెట్టుకునే మనిషి. వినపడటం లేదంటే ఏదో పెద్ద చప్పుడు పక్కన ఉందన్నమాట. ఆ చప్పుడేమిటో అతనికి తెలిసిపోయింది.

వాలరూ నుంచి మూంటాకి దారి తిన్నగా ఉంటుంది. రెండు పక్కలా కోసేసిన బార్లీ మోళ్ళు. దారంతా అతని బుర్రలో ఒకటే లెక్క. ఇంతేసి బరువున్న బండి, దాని అదురు, స్టాండులోంచి నేలకి, నేలలోంచి దుంగలకి. రోజూ మధ్యాహ్నం, గంటలకొద్దీ, అతనే, తన చేత్తో. పొగకి డబ్బా బిగించాడు. వేడికి ఫ్యాను పెట్టాడు. పిల్ల మంచాన్ని మాత్రం గోతి మీద పెట్టాడు. రోవెనా ఒక్క మాట కూడా అనదు.

గేటు దగ్గరికి రాగానే వినపడింది. గుడుగుడుమంటూ స్లోలో తిరుగుతోంది రెక్స్ ఇంజన్.

రోవెనా పెరట్లో నిలబడి ఉంది. చంకలో మెరిన్, పిల్ల చేతిలో గరిటె. రోవెనా ఇంటి మూల వైపు తొంగి చూస్తోంది.

"నువ్వేనా కొట్టింది?" అంది అతన్ని చూసి.

"ఏంటి?"

"తిట్టకు డెంజ్. పొద్దుట్నుంచీ కన్ను మూయలేదు పిల్ల. గొట్టం తొడిగాను, ఫ్యాను పెట్టాను, అన్నీ నువ్వు చేసినట్టే చేశాను. ఇప్పుడిప్పుడే పడుకుంది. ఇంతలో ఎవరో కొట్టారు. వెనక గది తలుపేమోననుకున్నా. మామూలుగా కాదు, బద్దలయ్యేలా కొట్టారు. పిల్ల ఉలిక్కిపడి లేచింది. ఎవర్రా ఈ మనిషి అని దీన్నెత్తుకుని బయటికొచ్చా. చూస్తే ఎవరూ లేరు."

వెనక గదికి పెరట్లోకి తలుపు లేదు. ఎప్పుడూ లేదు.

డెంజిల్ ఆమె మోచెయ్యి పట్టుకుని, ఏమీ చెప్పకుండా, గేటు దాకా నడిపించాడు. వాళ్ళు అక్కడికి చేరాక జరిగింది. పెద్ద శబ్దమేమీ కాదు. ముసలి మనిషి గొంతు సవరించుకున్నట్టు నేల ఒకసారి కదిలింది. వెనక గది కప్పు నెమ్మదిగా కిందికి వంగి, గోడల మధ్యలోకి దిగి, కనపడకుండా పోయింది. రేకుల సందుల్లోంచి దుమ్ము పైకి లేచింది. మంచం, దాని మీది దుప్పటి, గోడకి బిగించిన కూతడబ్బా అన్నీ పోయాయి. లోతు నుంచి నీళ్ళ చప్పుడు రావడానికి చాలాసేపు పట్టింది.

షెడ్డు ముందు భాగం నిలబడే ఉంది. అందులో ఇంజన్ అలాగే తిరుగుతోంది, ఎప్పటిలా తడబడుతూ, ఒక్క తప్పు చప్పుడు లేకుండా.

రోవెనా పిల్లని రెండు చేతులతో అదుముకుని నేల మీద కూర్చుండిపోయింది. అన్నట్టే ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడు చెప్పాడు డెంజిల్, అన్నీ, మొదటి టక్ నుంచీ.

గనుల శాఖ నుంచి వచ్చిన ఇంజనీరు గోతి చుట్టూ కంచె వేయించి, కెమెరా దించి, సగం లోతు నుంచి నల్లటి నీళ్ళేనని తేల్చాడు. బండి అదురుకి రాళ్ళు వదులై కింద దుంగలకి తగిలిన చప్పుడే మీరు విన్నది అన్నాడు. డెంజిల్ కాదనలేదు. అదురు లేనప్పుడు కూడా వచ్చిందే అని అడగలేదు. నానమ్మ చిన్నాన్న జేబెజ్ పేరు మాత్రం చెప్పి, రాయించాడు.

కాంక్రీటు పోసే రోజు నానమ్మని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. రెక్స్ కూడా వచ్చాడు, ముందు రోజే బయటికి తీసి పెట్టిన తన బండి కోసం. ఎవరినీ ఆటపట్టించలేదు, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. నానమ్మ కంచె దాకా తీసుకెళ్ళమంది. సంచిలోంచి పాస్టీ తీసింది. కొరకలేదు. అంచు విరవలేదు. మొత్తంగా గోతిలో వేసింది.

"ఇన్నేళ్ళూ అంచులే పెట్టాం," అంది.

ఆమె ఒళ్ళో కూర్చున్న మెరిన్ అది పడ్డ వైపే చూసింది. గరిటెతో కుర్చీ కడ్డీ మీద కొట్టింది. కొట్టి, తల పక్కకి వంచి వింది. కాంక్రీటు లారీ డ్రైవరు కూడా, ఎందుకో తెలియకుండానే, ఇంజన్ ఆపేశాడు.

ఏమీ లేదు.

పిల్ల మళ్ళీ కొట్టింది. ఇంకాసేపు చూసింది. తర్వాత గరిటె జారవిడిచి, ముసలామె గుండెకి చెవి ఆనించి, ఏ ఇంజనూ తిరగకుండానే నిద్రపోయింది.